పాతిపెడతానంటే వద్దన్నాను

తెగుళ్ల మీద మా వ్యవసాయ శాఖ వేసే కరపత్రాలు ఏవైనా తీసి చూడండి. పత్తి కానీ, మిర్చి కానీ, కంది కానీ, చివర్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. తెగులు సోకిన భాగాలను ఏరి పొలం బయట కాల్చివేయాలి. ముప్పై మూడేళ్లు ఆ వాక్యం చెప్పి జీతం తీసుకున్నాను. ఇప్పుడు అది ఎక్కడ కనిపించినా ఒళ్లు మండుతుంది. కరపత్రం ఏం పాపం చేసింది, మంట నా మీద. కొంత మా శాఖ మీద. ఇంకా ఎక్కువగా ఒక మిర్చి దళారి మీద, వాడి సంగతి కూడా చెబుతాను.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన నలుగురు పిల్లలు మా ఇంటికి వచ్చారు. “సార్, మీ అనుభవాలు చెప్పండి” అని అడిగారు. బండి మీద వాగు దాటిన కథ, ఎలుగుబంటి ఎదురైన కథ చెప్పి, చాయ్ పోసి పంపించాను. వాళ్లు గేటు దాటగానే సిగ్గేసింది. అసలు చెప్పాల్సింది మింగేసి కూర్చున్నానే అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. బాబూ, మీరు నలుగురూ ఇది చదవండి. చదివి తిట్టుకున్నా ఫరవాలేదు.

నా మొదటి పోస్టింగ్ జనగామ దిక్కు. ఎర్ర చెల్క నేలల్లో ఆముదం వేసేవాళ్లు. గెల పడే వేళకు ముసురు పట్టిందంటే బూజు తెగులు దిగేది. పొద్దున పచ్చగా నిలబడ్డ గెల నాలుగు రోజుల్లో మెత్తబడిపోయి, మీద బూడిద రంగు నూగు కమ్మేది. ముట్టుకుంటే పొడి లేచేది. అప్పటి మా పెద్దసారు గొడుగు కూడా లేకుండా నన్ను చేను మధ్యకు తీసుకుపోయి, “పైన జూస్తె ఏం గనవడదు, ఇప్పి జూడు, లోపలికెల్లి మొదలైతది” అని గెల విప్పి చూపించాడు. ఆ తెగులును ఆ రోజు నేర్చుకున్నాను. ఆ తర్వాత చీకట్లో చేతికిచ్చినా గుర్తుపట్టేవాణ్ని. అదే నా గర్వం. అదే నా కొంప ముంచింది, నాది కాదు, ఇంకొకరిది.

జనగామ తర్వాత భూపాలపల్లి దిక్కు పత్తి చేలల్లో చాలా ఏళ్లు తిరిగాను. చివరి పోస్టింగ్ మహబూబాబాద్ దిక్కు, అడవి అంచున ఒక మండలం. పేరు అక్కర్లేదు. నాకు రిటైర్మెంట్ ఇంకా ఏడాదిన్నర ఉంది. మా మండల వ్యవసాయాధికారి నాకంటే పాతికేళ్లు చిన్నవాడు. చెడ్డవాడేం కాదు. నన్ను “అన్నా” అనేవాడు. కానీ ఆయన ప్రాణమంతా ఫోన్లో ఉండేది. వారం వారం రైతు వేదికలో మీటింగ్ పెట్టాలి, ఫొటో తీయాలి, గ్రూపులో పెట్టాలి. రైతులు వచ్చారా, ఏమన్నా విన్నారా అని అడిగేవాడు లేడు. ఫొటో వచ్చిందా లేదా అనేదే లెక్క.

ఆ ఏడు కార్తీకంలో వారం రోజులు ముసురు పట్టింది. ఆ వారం మీటింగ్‌కు పాతికమంది దాకా వచ్చారు. వానకు చేలల్లో పని లేదు కదా, వేదికలో కూర్చుంటే తడవకుండా ఉంటారు. మిర్చికి కొమ్మకుళ్లు, పత్తికి కాయకుళ్లు, అందరివీ కుళ్లు బాధలే. మాట్లాడుతుండగా వెనక వరుసలోంచి ఒక ఆమె లేచి ముందుకు వచ్చింది. అడవి పక్క తండా ఆమె. నలభై ఏళ్లుంటాయి. అంతకు ముందు రెండు మూడు సార్లు కంది విత్తనాల కోసం వచ్చింది కాబట్టి నాకు ముఖపరిచయం ఉంది. చేతిలో తువ్వాల మూట.

“ఏం తెచ్చినవమ్మా?” అన్నాను.

“పువ్వు కుళ్లుతాంది సారు. పైకి మంచిగనే ఉంటది, నడుమ ఒక్క ఆకు ఎండుతది. గది గుంజితె ఊడొస్తది. లోపలంత మెత్తగైతాంది” అంది.

ఎంత చక్కగా చెప్పింది! తెగులు లక్షణాలు అంత శుభ్రంగా చెప్పిన రైతును నేను అరుదుగా చూశాను. నాకు హుషారు వచ్చేసింది. తువ్వాల విప్పి అందులోని గుత్తి చేతిలోకి తీసుకున్నాను. జానెడు పొడవుంది. పైన పచ్చగానే ఉంది. రెండు బొటనవేళ్లతో విప్పాను. లోపల గోధుమ రంగులో కుళ్లి, దాని మీద బూడిద రంగు నూగు. జనగామ ఆముదం చేను కళ్ల ముందు తిరిగింది. మా పెద్దసారు చూపించిన అదే బూజు!

“చూడండి అందరూ!” అని గుత్తి పైకెత్తాను. “గిది బూజు తెగులు. ముసురుకు వస్తది. పైకి కనవడదు, లోపల మొదలైతది. ఒక్క గెలకు వచ్చిందంటే గాలికి పక్క గెలకు పోతది. మందు కొట్టుడు తర్వాత ముచ్చట, ముందుగాల తెగులున్నవన్ని కోసి, దూరం తీసుకపోయి కాల్చెయ్యాలె.” పది నిమిషాలు దంచాను. మా మండల అధికారి మెచ్చుకోలుగా తల ఊపుతూ ఫోన్లో నా ఫొటో తీశాడు. చేతిలో గుత్తి, ముఖాన నవ్వు.

ముందు వరుసలో ఒక ముసలాయన తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. “ఏంది బాపూ, నవ్వుతున్నవ్?” అన్నాను.

“ఏం లేదు సారు. మంచిగ జెప్తున్నవ్. జెప్పు జెప్పు” అన్నాడు.

అప్పుడు నా వేళ్లకు జిగురు అంటుకుని ఉన్నట్టు తెలిసింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆకు వైపు అప్పుడు చూశాను. అప్పుడు! తెగులును ఒక్క క్షణంలో గుర్తుపట్టిన మహానుభావుణ్ని, మొక్కను గుర్తుపట్టడానికి పది నిమిషాలు పట్టింది. గంజాయి అది. పాతికమంది రైతుల ముందు, ప్రభుత్వ భవనంలో, గంజాయి పువ్వుకు వచ్చిన తెగులు మీద నేను పాఠం చెప్పాను.

గుత్తిని తువ్వాలలో చుట్టేసి, “మిగతాది బయట మాట్లాడుదాం రామ్మా” అని ఆమెను వరండాలోకి తీసుకుపోయాను. లోపల మా అధికారి మిర్చి గురించి మొదలుపెట్టాడు.

“ఎన్ని చెట్లు?” అన్నాను.

“ఇరవై రెండు సారు. కంది సాల్ల నడుమ.”

“ఎవడిచ్చిండు?”

“మిర్చి కొనుక్కపోతడు గదా, ఆయన. ఇత్తులు ఆయనే తెచ్చిచ్చిండు. మా ఆయన ఊఁ అన్నడు. పువ్వైతె ఆయనే వచ్చి కోసుకపోతడట.”

“ఇదేందో నీకు ఎరుకేనా?”

ఆమె కాసేపు వానను చూసింది. అబద్ధమాడి తప్పించుకోవచ్చు. ఆడలేదు. “ఎరుక లేకేంది సారు. మొలకల ఎరుక లేకుండె. పెరిగినంక వాసనొచ్చింది. మా ఆయన పనికి ఆంధ్ర దిక్కు పోయిండు. పీకుదామంటె మిర్చాయన కోపం జేస్తడు. మొన్న కుళ్లు జూసి, నీదే నిర్లక్ష్యం అని తిట్టిపోయిండు. గందుకే తెచ్చిన.”

ఈ మాట వినండి. చెట్టు పెట్టమన్నవాడు వాడు. కోసుకుపోయేవాడు వాడు. కుళ్లు వస్తే తిట్లు ఈమెకు. ఆ తిట్లు తట్టుకోలేక నాలాంటి వాడి దగ్గరికి మందు కోసం వచ్చింది. ఇప్పటికీ ఈ ముక్క గుర్తొస్తే పళ్లు పటపటలాడతాయి.

“పోడు పట్టాల లిస్టుల నా పేరుంది సారు” అందామె, గొంతు తగ్గించి. “రెండున్నర ఎకరాలు. మా మామ అడివి కొట్టి చేసిన పోడు. సర్వేకు వచ్చి తాడు వెట్టి కొలిచిండ్రు. పట్టా వచ్చేదే ఉన్నది. గిది బయటవడితె...”

కేసు ఉన్నవాళ్లకు పట్టా రాదని తండాల్లో అందరికీ తెలుసు.

రూలు ప్రకారం నేనేం చేయాలి? వెంటనే పైవాళ్లకు చెప్పాలి. చెబితే ఆమెకు జైలు. చెప్పకపోతే నాకు తిప్పలు. మధ్యేమార్గం దొరికిందని సంబరపడ్డాను. “రేపు పొద్దుగాల అన్ని పీకెయ్. ఒక్క ఆకు మిగలొద్దు. నేను చూడలేదు, నువ్వు చూపెట్టలేదు” అన్నాను.

“కురవి ఈరన్న మీద ఒట్టు సారు, పీకేస్త” అంది. రెండు అడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. “పీకి మట్టిల పాతిపెట్టనా సారు? గుంత ఉన్నది ఆడ.”

ఇదిగో, ఇక్కడ నా చదువు నన్ను పట్టుకుంది. “వద్దొద్దు!” అన్నాను. “మట్టిల పెడితే బూజు ఆడనే ఉంటది. వచ్చే ఏడు నీ పంటకు తగుల్తది. కాల్చెయ్యాలె.”

ఎంత తెలివైన సలహా చూడండి! ఆమె తన గండాన్ని గుంతలో పెట్టి కప్పేసుకుంటానంటే, నేను వచ్చే ఏడాది పంట ఆరోగ్యం గురించి ఆలోచించాను. ముప్పై ఏళ్లు ఒకే పాఠం చెబితే మెదడు పక్కకు పోయి నోరు ఒక్కటే పనిచేస్తుంది. ఆమె “గట్లనే సారు” అని తల ఊపి వానలో పోయింది.

మర్నాడు పొద్దున వాన ఆగింది. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. తెల్లవారేసరికే అత్తను తోడు తీసుకుని చేనుకు పోయి, ఇరవై రెండు చెట్లూ వేళ్లతో సహా పీకింది. గట్టు మీద కుప్ప పోసింది. కింద కంది కట్టె పేర్చి నిప్పు పెట్టింది. వారం రోజులు తడిసిన పచ్చి చెట్లు మండుతాయా? పొగ లేచింది. దట్టంగా, తెల్లగా, నేల మీద పాకుతూ పోయి రోడ్డెక్కింది. వాసన గురించి చెప్పనక్కర్లేదు. ఆ రోడ్డు మీదే ఆబ్కారీ వాళ్ల జీపు ఇంకేదో పని మీద పోతోంది. వెతకాల్సిన పని కూడా లేకపోయింది వాళ్లకు.

పదిన్నరకు మా అధికారి ఫోన్ చేశాడు. “అన్నా, తండాల గంజాయి దొరికిందట. పంచనామాకు గవర్నమెంటు ఉద్యోగులు ఇద్దరు సాక్షులు కావాలంట. నీ క్లస్టర్ల ఊరే గదా, నువ్వు పో.”

జరిగింది మొత్తం ఆయనకు చెప్పేశాను. “నిన్న నేను తీసిన ఫొటోల... నీ చేతుల ఉన్నది గదేనా?” అన్నాడు.

“గదే.”

“అయ్యో అన్నా! ఆముదం బూజు తెగులుపై అవగాహన అని గ్రూపుల పెట్టిన గద! పైసార్లు చప్పట్లు గూడ కొట్టిండ్రు!”

నిజమే. పై అధికారులు ముగ్గురు ఆ ఫొటో కింద చప్పట్ల బొమ్మలు పెట్టారు. వ్యవసాయం చదివినవాళ్లే అందరూ. ఒక్కడన్నా చేతిలో ఉన్నదేమిటో చూశాడా? చూడలేదు. నేను మాత్రం చూశానా?

“ఇగ విను అన్నా” అన్నాడాయన. “ఫొటో నేను తీసేస్తున్న. నువ్వు కూడ తీసెయ్. నీకు ఏడాదిన్నర ఉన్నది సర్వీసు. తెలిసి చెప్పలేదని తేలితే సస్పెండ్ చేస్తరు. పెన్షన్ ఆగుతది. నీతోపాటు నన్నూ లాగుతరు. నిన్న ఏం జరగలేదు. పోయి సంతకం పెట్టి రా, నోరు మూసుకో.”

బండి తీశాను. తండాకు ఎనిమిది కిలోమీటర్లు. దారిలో రెండుసార్లు ఆగాను. ఒకసారి వెనక్కి పోదామని, ఒకసారి నిజం చెప్పేద్దామని. రెండూ చేయలేదు.

చేను దగ్గర జీపు నిలబడి ఉంది. కుప్ప ఇంకా పొగలు కక్కుతోంది. సగం చెట్లు అట్లాగే ఉన్నాయి. ఆమె గట్టు మీద గొంతుక్కూర్చుంది, పక్కన అత్త. రెండో సాక్షి మా పంచాయతీ కార్యదర్శి, పాతికేళ్ల అమ్మాయి, వేరే తండాలో పుట్టి చదువుకుని వచ్చింది. ఆబ్కారీ ఎస్సై పొగకు కళ్లు తుడుచుకుంటూ అట్ట మీద కాగితాలు పెట్టుకుని రాస్తున్నాడు. మంచి మర్యాదస్థుడే. నన్ను చూసి కుర్చీ లేదని నొచ్చుకున్నాడు.

“దొరుకుతవని తెలిసి కాలుస్తున్నవా ఏంది నువ్వు?” అని ఆమెను అడిగాడు. “ఎవరు జెప్పిండ్రు కాల్చుమని?”

ఆమె తలెత్తి నన్ను చూసింది. దాపరికం లేదు, బెదిరింపు లేదు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఎవరు మందు రాశారంటే పేరు చెప్పినట్టు చెప్పింది. “వ్యవసాయం సారే జెప్పిండు. కుళ్లొచ్చింది, పీకి కాల్చుమన్నడు.”

ఎస్సై నా వైపు తిరిగాడు. “ఏం సార్?”

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లు దాటిన సర్వీసు ఉంది. అవును, నేనే చెప్పాను, నిన్న మీటింగ్‌లో తెచ్చి చూపించింది, నాశనం చేయమన్నాను, చేసింది. అంతే కదా! ఆమె పంట పెంచింది నిజమే కానీ నా మాట విని నాశనం చేస్తోందని ఆ కాగితం మీదకు ఎక్కేది.

“మీటింగ్‌ల చెప్తం సార్” అన్నాను. “పత్తికి, మిర్చికి... తెగులొచ్చిన పంట ఏదైనా కాల్చుమనే చెప్తం. ఈమె దేనికి అనుకున్నదో.”

థూ. ఇన్నేళ్ల తర్వాత రాస్తుంటే కూడా నోరు చేదెక్కుతోంది. చూడండి ఆ జవాబు. ఒక్క మాట అబద్ధం లేదు అందులో. మొత్తం అబద్ధమే.

అత్త లేచింది. నా వైపు వేలు చూపిస్తూ వాళ్ల భాషలో గట్టిగా అరవడం మొదలుపెట్టింది. ఆమె అత్త చెయ్యి పట్టి కూర్చోబెట్టి, వాళ్ల భాషలోనే మెల్లగా ఏదో చెప్పింది. అత్త నన్నొకసారి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎస్సై రాసింది చదివి వినిపించాడు. ఆధారాలు మాయం చేసే ఉద్దేశంతో నిందితురాలు మొక్కలను తగలబెడుతుండగా పట్టుకున్నట్టు. నాకు పెన్ను ఇచ్చాడు. సంతకం పెట్టాను. పింఛను కాగితాల మీద పెట్టినంత గుండ్రంగా, శుభ్రంగా పెట్టాను. కార్యదర్శి అమ్మాయి చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడి, తర్వాత తనూ పెట్టింది. ఆమెను జీపెక్కించారు.

జీపు పోయాక బండి దగ్గరికి నడుస్తూ ఆ అమ్మాయిని అడిగాను. “అత్తతోని ఏమన్నదమ్మా?”

అమ్మాయి నా ముఖం చూడలేదు. “సారు భయపడ్డడు, ఇడిసిపెట్టు, అన్నది సార్” అని చెప్పి, తన స్కూటీ స్టార్ట్ చేసుకుని పోయింది.

ఆ రోజు అన్నం తినలేదని, నిద్ర పట్టలేదని రాస్తే మీరు జాలిపడతారు. తిన్నాను. పడుకున్నాను. మర్నాడు డ్యూటీకి పోయాను. మనిషి ఎంత తొందరగా అలవాటు పడతాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గంజాయి కేసులో బెయిలు అంత సులువుగా రాదు. ఆమె నెలల తరబడి జైల్లో ఉంది. ఆంధ్ర దిక్కు పోయిన భర్త తిరిగి వచ్చి వకీళ్ల చుట్టూ తిరిగాడు. ఆమె లోపల ఉండగానే తండాలో పోడు పట్టాలు పంచారు. శామియానా వేశారు, మైకు పెట్టారు. ఏర్పాట్లకు మమ్మల్ని కూడా పిలిచారు కాబట్టి నేనక్కడే ఉన్నాను. లిస్టులో ఆమె పేరు మీద ఎర్ర సిరా గీత చూశాను. ఇంకో నెలకు అటవీ శాఖ వాళ్లు ఆ రెండున్నర ఎకరాల చుట్టూ కందకం తవ్వి, మొక్కలు నాటారు.

మిర్చి దళారి సంగతి చెబుతానన్నాను కదా. ఆమె వాడి పేరు చెప్పింది. కాగితాల్లో ఎక్కిందో లేదో తెలియదు. ఆ వేసవిలో మిర్చి కల్లాల దగ్గర కనిపించాడు. తెల్ల చొక్కా, చంకలో సంచి, అందరితో నవ్వులు. పోయి కాలర్ పట్టుకున్నాను. “ఆమెను జైల్ల పెట్టిచ్చి ఈడ కాయలు కొంటున్నవా రా!” అన్నాను.

వాడు తొణకలేదు. మెల్లగా నా చేతిని కాలర్ మీద నుంచి తీసి, “నేను పెట్టిచ్చిన్నా సారు? సాక్షి సంతకం ఎవరిది?” అన్నాడు.

చుట్టూ ఉన్న రైతులు తలలు దించుకుని మిర్చి ఏరుకుంటున్నారు. అందరికీ తెలుసు. ఆ మీటింగ్‌లో ఉన్నవాళ్లే సగం మంది. ఎవరూ నోరు విప్పలేదు. వాళ్లను తప్పుపట్టడానికి నాకేం హక్కుంది?

రిటైరయ్యాను. శాలువా కప్పారు, పూలదండ వేశారు. మా అధికారి మైకులో, “అన్న అంటే రైతుల మనిషి” అన్నాడు. చప్పట్లు కొట్టారు. లేచి ఆ మైకు లాక్కుని నిజం చెప్పాలనిపించింది. మళ్లీ అదే పని, అనిపించడం. చేసింది లేదు. శాలువా మడతపెట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంకో రెండేళ్లకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. కోర్టు వరండాలో ప్రభుత్వ వకీలు నా భుజం తట్టాడు. “సంతకం మీదేనా అంటడు, అవునను. మీ ముందే రాసిండ్రా అంటడు, అవునను. రెండు నిమిషాల పని సార్.”

బోనెక్కాను. ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. జుట్టు నెరిసింది.

“సంతకం మీదేనా?”

“నాదే. కానీ ఆ కాగితంలో ఒక మాట అబద్ధం. ఆధారాలు మాయం చేయడానికి కాల్చిందని ఉంది. కాల్చమన్నది నేను. పాతిపెడతానంటే వద్దన్నదీ నేనే. ముందురోజు నాకు తెచ్చి చూపించింది.”

ప్రభుత్వ వకీలు ముఖం మాడిపోయింది. సాక్షి ఎదురు తిరిగాడని రాయించాడు. జడ్జి కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, “ఆ రోజే ఎందుకు చెప్పలేదు?” అని అడిగారు.

“భయపడ్డాను” అన్నాను.

అదీ రాసుకున్నారు. బయటికొచ్చి ఏదో గొప్ప పని చేసినట్టు ఛాతీ పొంగించుకున్నాను. కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. కేసు కొట్టేశారు. నా సాక్ష్యం వల్ల కాదు. పరీక్షకు పంపిన శాంపిల్ సీళ్లు సరిపోలలేదట. తీర్పులో నా గురించి ఒకే ఒక్క వాక్యం. ఈ సాక్షి మాట మార్చాడు కనుక నమ్మదగినవాడు కాదు. ఎంత సరిగ్గా రాశారు!

తీర్పు రోజు నేనూ కోర్టుకు పోయాను. ఎందుకు పోయానో నిజం చెబుతాను. ఆమె ఒక మంచి మాట అంటుందేమోనని పోయాను. సిగ్గులేని ఆశ. ఆమె గేటు బయట చెట్టు కింద ఆటో కోసం నిలబడి ఉంది. భర్త ఆటో పిలవడానికి రోడ్డు మీదకు పోయాడు. దగ్గరికి పోయి నమస్తే పెట్టాను.

“కేసు పోయింది గదమ్మా” అన్నాను.

“పోయింది సారు.” కోపంగా అనలేదు. “భూమి గూడ పోయింది. మొక్కలు నా ఎత్తయినయి ఆడ. పోయి జూసొచ్చిన.”

ఆమె చీర చెంగు భుజం మీద సర్దుకుంది.

“ఒకటి అడుగుత సారు. జైల్ల ఉన్నప్పుడు మస్తు ఆలోచన జేసిన. ఆ దినం చేను కాడ, అవును నేనే కాల్చుమన్న అని మీరు అంటె, మీకేమైతుండె? మిమ్ముల గూడ జైల్ల ఏస్తుండ్రా?”

ఈ ప్రశ్నకు జవాబు నాకు అప్పటికి తెలుసు. రిటైరయ్యాక, మా శాఖలో ఇలాంటి ఫైళ్లు ఎన్నో చూసిన ఒక పాత సూపరింటెండెంటును అడిగాను. ఆయన విని పకపకా నవ్వాడు. దీనికెవడు సస్పెండ్ చేస్తడయ్యా, నాశనం చేయమనే గదా చెప్పినవ్, ఒక మెమో ఇచ్చి జవాబు రాయించుకుందురు, అంతే అన్నాడు. ఆయన ఇంట్లోంచి బయటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు.

“జైలు లేదమ్మా” అన్నాను. “మెమో ఇస్తుండ్రి.”

“మెమో అంటె ఏంది సారు?”

“కాయితం. ఎందుకు చెప్పలేదు అని అడుగుతరు. మనం జవాబు రాసియ్యాలె.”

భర్త ఆటో తెచ్చి ఆపాడు. ఆమె ఒక కాలు ఆటోలో పెట్టి, ఆగి, నా వైపు చూసింది.

“గంతేనా సారు?”

“గంతేనమ్మా” అన్నాను.